నీళ్ళు చూసి వేసే ఉప్పు

మొన్న మా అమ్మాయి అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, "అమ్మా, నీకు తెలుస్తోందో లేదో గానీ, ప్రతి వేసవిలోనూ నీ కూరల్లో ఉప్పు తగ్గిపోతోంది. వానలు పడగానే మళ్ళీ సరిపోతుంది. ఎప్పటినుంచో చెబుదామనుకుంటున్నాను," అంది. నేను నమ్మలేదు. వయసు మీద పడి నాలుక మొద్దుబారిందేమో, డాక్టరుకి చూపిద్దామా అని కూడా అడిగింది. నా నాలుకకేం రోగం, బాగానే ఉంది అని కసురుకుని కంచం తీసుకుని లేచిపోయాను. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే తట్టింది. ఈపాటికి డెల్టాలో కాలవలకి నీళ్ళు ఆపి కట్టేసి ఉంటారు. నేనుంటున్నది రాజమండ్రిలో, మూడో అంతస్తులో. వంటకి వాడేది ఆటోలో వచ్చే టిన్ను నీళ్ళు. కాలవ కట్టేసినా వదిలినా ఆ టిన్నుకి పట్టదు. నా చేతికి మాత్రం పట్టింది. నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఏటేటా ఉప్పు తగ్గించేస్తోంది. ఆ చేతికి ఆ పని నేర్పినావిడ మా అత్తగారు. ఆవిడ గురించి ఎక్కడైనా రాసి పెట్టాలని ఆ కుళాయి దగ్గరే అనిపించింది. నాకేమో సంతకం చెయ్యడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప చదువు లేదు. అందుకని నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మధ్యలో "ఇది కూడా రాయాలా అమ్మా" అంటోంది. అన్నీ రాయవే అన్నాను.

నేను పుట్టింది పోలవరం దగ్గర గోదారి ఒడ్డునే. మాకు నీళ్ళకి రుచంటూ ఒకటుంటుందని తెలియదు. బిందె ముంచుకుంటే నీళ్ళు, అంతే. ఎండాకాలం ఇసకలో చెలమ తవ్వుకుంటే ఇంకా చల్లగా ఉండేవి. ఆ ఊరి నుంచి నన్ను మొగల్తూరు దిగువన ఒక పల్లెకి ఇచ్చారు. గోదారి నీళ్ళు కాలవలై, ఆ కాలవలు పిల్ల కాలవలై, ఎన్నో ఊళ్ళ దాహం తీర్చి, ఎన్నో చేలు తడిపి, ఆఖరికి ఓపిక లేక ఆగిపోయే చోట ఉండేది ఆ ఊరు. దాని తరవాత చవిటి నేల, ఆ తరవాత సముద్రం. ఇంట్లో మావయ్యగారు, అత్తగారు, మా ఆయన, నేను. కొద్దిపాటి పొలం, పెరట్లో నుయ్యి, దాని పక్కనే ఒక పాదు ఆనపతీగ, ఒక పాదు బచ్చలి. కోడలిగా వెళ్ళిన కొత్తలో మధ్యాహ్నం వంట నాకు అప్పజెప్పారు. అత్తగారు పక్కన పీట వేసుకుని కూరలు తరుగుతూ ఉండేవారు. రాత్రి వంట మాత్రం ఆవిడదే. నన్ను ఊక పొయ్యి దగ్గరకి రానిచ్చేవారు కాదు. "పగలు ఎవడి తొందర వాడిది, ఏం పెట్టినా తింటారు. పొద్దుగూకాక మనిషి నింపాదిగా కూచుంటాడు. అప్పుడే వంట సంగతి బయటపడేది," అనేవారు.

రాత్రికి ఒక్కటే కూర. అది ఆ ఇంటి పద్ధతి. ఒక కూర, ఒక పచ్చడి, మజ్జిగ. కూర రెండుంటే నాలుక దేన్నీ సరిగ్గా పట్టించుకోదని ఆవిడ వాదన. దీపాలు పెట్టే వేళకి వంట అయిపోయేది. మగవాళ్ళిద్దరూ పీటల మీద కూర్చునేవారు, మేం వడ్డించేవాళ్ళం. మావయ్యగారు మాట తక్కువ మనిషి. బాగుందనీ అనరు, బాలేదనీ అనరు. కానీ ఆయనకో అలవాటుంది. కూర నచ్చితే కంచంలో అన్నం కాస్త పక్కకి జరిపి చోటు చేసేవారు. అంటే మారు వెయ్యమని. నచ్చకపోతే మధ్యలోనే "మజ్జిగ పొయ్యమ్మా" అనేవారు. ఆ మాటకి ఇంట్లో అందరికీ అర్థం తెలుసు. నేను మధ్యాహ్నం ఎన్ని వండినా ఆయన చోటు జరపలేదు, మజ్జిగా అడగలేదు. తినేసి పొలం పోయేవారు. రాత్రి పొయ్యి ఒక్కసారి నా చేతికొస్తే చూపిద్దును అని నాలో ఒకటే ఉబలాటం. ఆ వయసుకి నాకున్న పెద్ద కోరిక అదేనండి, నవ్వుకోకండి.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ఆ ఇంట్లో వండే మనిషి వంట రుచి చూడకూడదు. ఎంగిలవుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో తినేవాళ్ళు చెప్పాలి తప్ప గరిటె నాలిక్కి ఆనకూడదు. మా పుట్టింట్లోనూ అంతే. కాబట్టి ఎవరి చెయ్యి వాళ్ళకి కొలత. నా చేతి కొలత వానాకాలం, శీతాకాలం అంతా సరిపోయింది. నాకు వంట వచ్చేసిందనుకున్నాను.

ఉగాదికి పుట్టింటికి వెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చాను. వచ్చిన రోజే పెనుగొండ నుంచి కబురు, అత్తగారి చెల్లెలికి ఒంట్లో బాగాలేదని. ఆవిడ సంచిలో రెండు చీరలు కుక్కుకుని మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "రాత్రి పొయ్యి నీదేనే అమ్మాయ్. తాగే నీళ్ళు ఇత్తడి బిందెలో ఉన్నాయి, పారబోయకు," అన్నారు. అంతే. నా గుండె చెంగుమంది. నేను లేని రోజుల్లో కాలవలు కట్టేశారు. దారిలో ఎండిపోయిన కాలవ చూశాను, అందులో పిల్లలు చేపలు పట్టుకుంటుంటే చూశాను, ఏటా బాగుచేతకి కడతారులే అనుకున్నాను. దానికీ మా వంటకీ సంబంధం ఉందని నాకెలా తెలుస్తుంది? తాగేవి మంచినీళ్ళ చెరువు నీళ్ళు, వంటకి నూతి నీళ్ళు. చలికాలమంతా అలాగే చేశాను.

దోసకాయ పప్పు చేద్దామనుకున్నాను. పప్పు పొయ్యి మీద పెట్టాను. ఊక కూరి మంట పెట్టాను. పొంగింది, తగ్గింది, మళ్ళీ పొంగింది. పప్పు బద్ద మాత్రం బద్దలాగే ఉంది. గుత్తితో మెదిపితే గింజ పక్కకి జారిపోతోంది. మావయ్యగారు కాళ్ళు కడుక్కుని వచ్చేశారు. చేసేది లేక చింతపండు పిసికి, ఉప్పు ఎప్పటిలాగే పిడికిట్లో తీసుకుని వేసి, ఘాటుగా పోపు పెట్టాను. ఇంగువ వాసనతో ఇల్లంతా నిండిపోయింది. ఆ వాసన చూసి నాకు ధైర్యం వచ్చింది. వడ్డించాను. మావయ్యగారు ఒక్క ముద్ద పెట్టుకున్నారు. నమిలారు. పప్పు పళ్ళ కింద కటకట్లాడిన చప్పుడు నాకు వినిపించింది. మింగారు. గోడకేసి చూస్తూ, "మజ్జిగ పొయ్యమ్మా," అన్నారు. మొదటి ముద్దకే! మజ్జిగ పోశాను. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "ఇందులో కూడా వేశావా?" అన్నారు. మజ్జిగ కూడా నూతి నీళ్ళతో చిలికి, పైన ఉప్పు వేశాను నేను.

మా ఆయన ఊరుకునే రకం కాదు. "నాన్నా, సముద్రం ఇన్నాళ్ళూ మన ఊరి అవతల ఉందనుకున్నాం. ఇవాళ ఇంట్లోకే వచ్చేసింది," అని ఒకటే నవ్వు. మావయ్యగారు "ఊరుకోరా" అని గదిమి, ఉత్త అన్నంలో ఆవకాయ కలుపుకుని తిని లేచారు. ఆ ఆవకాయ కూడా అత్తగారు పెట్టిందే. నేను వంటింటి గోడకి ఆనుకుని ఏడ్చాను. ఏమైందో అర్థం కాక ఏడ్చాను. అదే చెయ్యి, అదే పిడికిలి, అదే ఉప్పు.

అత్తగారు పెనుగొండ నుంచి వచ్చాక మా ఆయన వీధి గుమ్మంలోనే పప్పు సంగతంతా మోసేశాడు. ఆవిడ తిడతారని నేను పెరట్లో అంట్లు తోముతున్నట్టు నటిస్తున్నాను. ఆవిడ తిన్నగా నూతి దగ్గరకి వచ్చి, చేద వేసి తోడి, "దోసిలి పట్టు," అన్నారు. పట్టాను. "నోట్లో పోసుకో. మింగకు. పుక్కిట్లో పట్టి ఉంచు."

"ఏముంది?" అని అడిగారు.

"నీళ్ళండి అత్తయ్యగారూ."

"నీళ్ళని నాకూ తెలుసే. ఇంకేముంది? నాలుక చివర కాదు, వెనక చూడు. గొంతు దగ్గర."

మళ్ళీ పట్టాను. కళ్ళు మూసుకున్నాను. గొంతు దగ్గరకి వచ్చేసరికి సన్నగా, చెమట అంటినట్టు, ఒక ఉప్పదనం.

"ఉప్పగా ఉన్నాయండి."

"అదీ. కాలవ పారినన్నాళ్ళూ దాని ఊట దిగి మన నుయ్యి తియ్యగా ఉంటుంది. కాలవ కట్టేస్తే కింద నుంచి సముద్రం వస్తుంది. నువ్వు ఉప్పు వెయ్యకముందే సగం ఉప్పు నుయ్యి వేసేసింది. ఆ పైన నీ పిడికిలి. ఇహ ఈ నీళ్ళలో పప్పు ఉడకదు, నీ తాత దిగొచ్చినా ఉడకదు." చేద నూతి గట్టు మీద పెట్టి అన్నారు, "తప్పు నాదే లే. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకి చెప్పక్కర్లేదు. గోదారి పక్కన పుట్టినదానివి, నీకెవరు చెప్తారు? కూర రుచి చూడకూడదన్నారు గానీ నీళ్ళు రుచి చూడొద్దని ఎవరన్నారే? ముందు నీళ్ళు చూడు. ఆ తరవాతే ఏం వండాలో ఆలోచించు."

ఏం వండాలో నీళ్ళని అడగాలట! అప్పటిదాకా నేను కూరల బుట్టలో చెయ్యి పెట్టి, ఏది తగిలితే అది వండేదాన్ని. ఆ రోజు నుంచి మళ్ళీ కాలవలు కట్టే దాకా, ఒక ఏడాది పొడుగునా, సాయంత్రం అయ్యేసరికి అత్తా కోడళ్ళం నూతి దగ్గర నిలబడి దోసిట్లో నీళ్ళు పుక్కిట పట్టేవాళ్ళం. పక్కింటివాళ్ళు చూసి నవ్వేవారు. "ఏమండోయ్, కోడలికి పాఠం మొదలెట్టారా?" అనేవారు. అత్తగారు నోట్లో నీళ్ళతో తల ఊపేవారు. తరవాత ఉమ్మేసి, "ఇవాళ ఏం చెప్పాయే?" అని నన్ను అడిగేవారు. నేను చెప్పాలి. తప్పు చెబితే ఆవిడ ఏమీ అనరు, ఇంకో దోసిలి పోస్తారు.

ఎండల్లో ఆ నీళ్ళకి తగ్గ కూరలే ఆవిడ ఎంచుకునేవారు. పప్పు ఊసే లేదు. వంకాయ నిప్పుల మీద కాల్చి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ కలిపి పచ్చడి చేస్తే అందులో నీటి చుక్క ఉండదు. చింతచిగురు నలిపి ఎండురొయ్యలతో వేయిస్తే ఉప్పు ఆ రొయ్యలదే సరిపోతుంది. పుల్ల మామిడికాయ ముక్కలు కొబ్బరితో కలిపి ఉడికిస్తే పులుపు ఆ ఉప్పు నీళ్ళని మింగేస్తుంది. పులుపుకి ఉప్పు కావాలి కదా, ఆ ఉప్పు నుయ్యే ఇస్తుంది. ఎంత తెలివండి! మావయ్యగారికి పప్పు మీద మరీ మనసు పుట్టిన రోజున తాగే నీళ్ళలో ఒక చెంబు తీసి ఆయనొక్కరికి చిన్న గిన్నెలో ఉడికించేవారు. ఆ చెంబుడు నీళ్ళ కోసం తను ఆ పూట తాగడం తగ్గించుకునేవారని నాకు చాలా రోజులకి తెలిసింది. అడిగితే, "దాహం వెయ్యలేదే," అన్నారు.

కాలవలు వదిలారని పైఊళ్ళ నుంచి కబురొచ్చినా మా దాకా నీళ్ళు రావడానికి రోజులు పట్టేది. ముందు గడ్డీ గాదం కొట్టుకొచ్చే మురుగు, ఆ వెనక ఎర్రటి నీళ్ళు. బిందెలోపల చిల్లగింజ అరగదీసి వదిలేస్తే పొద్దుటికి మట్టంతా అడుగుకి దిగి, పైన నీళ్ళు తేటగా నిలిచేవి. నుయ్యి తీపెక్కడానికి ఇంకా కొన్నాళ్ళు. అది తీపెక్కిందని తెలిసిన సాయంత్రం ఆ ఇంట్లో ఏ పండక్కీ తీసిపోదు. ఆ రోజు పప్పు. కందిపప్పు కాస్త వేయించి, తోటకూర వేసి, పొయ్యి మీద పెడితే కుతకుతా ఉడికి మూత ఎగిరిపడేది. ఎన్నాళ్ళకో విన్న ఆ చప్పుడుకి మావయ్యగారు వీధి అరుగు మీద నుంచి, "వచ్చిందా నీళ్ళలోకి ప్రాణం?" అని కేక వేసేవారు. వేడన్నం, పప్పు, కొత్తావకాయ, నెయ్యి. నేనింతవరకూ తిన్న ఏ పెళ్ళిభోజనమూ దాని ముందు నిలబడదు.

వానల్లో చేల గట్ల మీద పరిగెలు దొరికేవి. ఆ చిన్న చేపలకి ఎక్కువ నీళ్ళు పొయ్యకుండా చింతపండు పులుసు దగ్గరగా పెట్టేవారు. ముసురు పట్టి ఊక తడిస్తే పొయ్యి పొగలు కక్కేది. కళ్ళు తుడుచుకుంటూ వండిన ఆ గోంగూర రుచి ఇప్పుడు గ్యాసు మీద రాదు, పొగ కూడా ఒక దినుసేమో. కార్తీకంలో నీచు మానేసి కంద, బచ్చలి. కంద మెత్తగా ఉడికాక బచ్చలి వేసి, దింపాక ఆవ ముద్ద కలిపేవారు. ఆవ ఎప్పుడు కలపాలో ఆవిరి చూసి చెప్పేవారు, తొందరపడితే చేదొస్తుంది. చలికాలం నుయ్యి అమృతంలా ఉండేది. అప్పుడు ఆవిడ ఏ హంగూ చేసేవారు కాదు. పాదు మీద లేత ఆనపకాయ కోసి, జీలకర్ర పోపులో మగ్గించి, ఆఖర్న కాసిని పాలు పోసేవారు. "మంచి నీళ్ళున్నప్పుడు మనం ఎక్కువ మాట్లాడకూడదే. కాయ మాట్లాడుతుంది," అన్నారోసారి.

ఆవిడ గురించి చెప్పాల్సింది ఇంకొకటుంది. మగవాళ్ళు తిన్నాక మేమిద్దరం తినేవాళ్ళం. నాకు వడ్డించి, తను మాత్రం కంచం పెట్టుకునేవారు కాదు. కూర వండిన గిన్నెలోనే అడుగున మిగిలిన దాంట్లో ఇంత అన్నం వేసి, వేళ్ళతో తుడిచి తినేసేవారు. ఎక్కువ మిగిలితే ఎక్కువ, లేకపోతే లేదు. రోజూ చూసి చూసి నాకూ అది మామూలైపోయింది.

ఆ ఏడు తిరిగొచ్చి, మళ్ళీ కాలవలు కట్టారు. కొన్నాళ్ళు ఆగి, ఒక సాయంత్రం అత్తగారు పొయ్యి దగ్గరకి రాలేదు. వీధి అరుగు మీద చేట పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నారు. నేను లోపలికి బయటకి తిరుగుతుంటే, "నా మొహం చూస్తావేంటే? పొయ్యి అక్కడుంది, నుయ్యి అక్కడుంది," అన్నారు. తల కూడా ఎత్తలేదు. ఇవాళ కూడా చెడగొడితే ఇహ ఈ పొయ్యి నాకు ఎప్పటికీ రాదు అనుకున్నాను.

నూతి దగ్గరకి వెళ్ళి పుక్కిట పట్టాను. కిందటేటి కంటే ముందే ఉప్పెక్కాయి. మామిడికాయ తీసుకున్నాను, ఎండురొయ్యలు కడిగి వేయించాను. నీళ్ళు పోశాను. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టాను. పిడికిలి దానంతటదే నిండబోయింది. వేళ్ళు విప్పేశాను. మూడు వేళ్ళకి అంటుకున్నంతే తీసి, అందులోనూ కొంత రాల్చేసి వేశాను. రుచి చూడకూడదు. మూత పెట్టి, చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. మజ్జిగకి చెరువు నీళ్ళు వాడాను.

మావయ్యగారు కూర్చున్నారు. మొదటి ముద్ద తిన్నారు. నేను మజ్జిగ చెంబు పట్టుకునే ఉన్నాను. రెండో ముద్ద. ఆయన అన్నం పక్కకి జరిపి చోటు చేశారు. నేను చూస్తూ నిలబడిపోయాను. మా ఆయన, "ఏమే, చోటు కనబడట్లేదా? సముద్రం వెనక్కి పోయింది, రా, వడ్డించు," అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఏడాది కోరుకున్న ముచ్చట అది. వడ్డిస్తుంటే సంతోషంగానే ఉంది. కానీ వాళ్ళు లేచాక గిన్నెలోకి చూస్తే ఇద్దరాడవాళ్ళకి సరిపడా కూర ఇంకా ఉంది. అత్తగారు లోపలికి వచ్చి అలవాటుగా గిన్నె వేపు చెయ్యి చాపారు. నేను గిన్నె వెనక్కి లాక్కున్నాను. మావయ్యగారు కూర్చునే పీటే వాల్చి, కంచం పెట్టాను.

"ఇదేంటే కొత్త?" అన్నారు.

"రాత్రి పొయ్యి నాదన్నారు కదండీ. వడ్డించేది కూడా నేనే. కూర్చోండి."

సణుక్కుంటూ కూర్చున్నారు. కంచం ముందు ఎలా కూర్చోవాలో తెలియనట్టు మోకాళ్ళు సర్దుకున్నారు. తిన్నారు. సగం అయ్యాక నన్ను చూసి, "ఉప్పు సరిపోయిందా అని అడగవేంటే?" అన్నారు.

"నీళ్ళు చూశానండి. అడగక్కర్లేదు."

ఆవిడ మొహంలో నవ్వు ఇంత మెల్లిగా వచ్చింది. కంచం మీదకి చూసుకుని, వేళ్ళతో అన్నం పక్కకి జరిపి, కాస్త చోటు చేశారు. ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని కూరలు వండి ఎందరికి మారు వడ్డించి ఉంటారో! ఆవిడ మారు అడగడం నేను చూడ్డం అదే మొదలు. ఎవరైనా చూడ్డం కూడా అదే మొదలేమో.

ఆవిడ పోయారు, మావయ్యగారు పోయారు, నవ్వించే మా ఆయనా పోయాడు. ఆ మధ్య ఊరు వెళ్ళినప్పుడు పెరట్లోకి వెళ్ళి చేద వేశాను. మంచి చలికాలం, కాలవ నిండా నీళ్ళు. పుక్కిట పడితే గొంతు దాకా పోనక్కర్లేకుండా నాలుక చివరే ఉప్పు తగిలింది. చుట్టూ చేలన్నీ ఉప్పునీళ్ళ రొయ్యల చెరువులైపోయాయి. ఏడాదంతా ఆ నుయ్యి ఎండాకాలంలోనే ఉంటోంది. ఊళ్ళో ఇప్పుడు అందరూ టిన్ను నీళ్ళే. అది తప్పని నేననను. మంచినీళ్ళ చెరువు నుంచి బిందె మీద బిందె మోసిన మెడకి తెలుసు, ఇంటి ముందుకొచ్చే టిన్ను ఎంత సుఖమో. పప్పు ఏ నెలలోనైనా ఉడుకుతోంది. కానీ ఏ నెలలోనైనా ఒకలాగే ఉంటోంది. నుయ్యి తీపెక్కిన సాయంత్రం అరుగు మీద నుంచి వేసే కేక ఇప్పుడు ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు? నేను ఇప్పటికీ సాయంత్రం పూట టిన్ను వంచి దోసిట్లో పట్టి చూస్తాను. మంచి నీళ్ళే. ఏమీ చెప్పవు.

ఇదంతా రాయించిన సాయంత్రం మామిడికాయ, ఎండురొయ్యలు వండాను. చెప్పిందంతా గుర్తుంచుకుని, ఉప్పు చూసి మరీ వేశాననే అనుకున్నాను. మా అమ్మాయి రెండు ముద్దలు తిని, నా వేపు చూసి, "మళ్ళీ తగ్గిందమ్మా," అంది.

ఉప్పు డబ్బా దాని కంచం పక్కకి జరిపాను.

"కాలవలు వదిలేదాకా ఇంతే. సర్దుకో," అన్నాను.